మాట ముందా, పెదవి ముందా?

మన ఇళ్లలో ఏ బీరువా వెతికినా ఒక మూల పెళ్లి క్యాసెట్టో, దాన్నుంచి చేయించిన డీవీడీయో దొరుకుతుంది. ఇంట్లో రాయించిన డీవీడీలు ఎల్లకాలం ఉండేవి కావు. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. అందుకని చాలామంది వాటిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి దాచుకుంటున్నారు. అక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. బొమ్మ ఒక దారి, మాట ఒక దారి. దాన్ని సరిచేసుకునే పద్ధతి నా అనుభవంలోంచి చెబుతాను.

మా చెల్లెలి పెళ్లి 1996లో బరంపురంలో జరిగింది. ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్టును 2006లో ఒక దుకాణంలో డీవీడీ చేయించాం. అందులో అప్పగింతల వేళ మా అమ్మ పెళ్లికూతురి గడ్డం పట్టుకుని నాలుగు నిమిషాలు మాట్లాడుతుంది. అమ్మ 2009లో పోయింది. ఆవిడ గొంతు మాకు మిగిలింది ఆ నాలుగు నిమిషాలే.

డిస్కును ఫైలుగా మార్చి మా మనవరాలికి చూపించాను. పుణేలో పెరుగుతున్న పిల్ల. తెలుగు ఇంట్లో వినడమే గాని చదవడం రాదు. కాసేపు చూసి, "తాతయ్యా, తాతమ్మ నోరు మూసేశాక మాట వస్తోందేం?" అంది. మా అమ్మది గంజాం వైపు యాస. "ఏటే అమ్మా" అని సాగదీస్తూ మొదలెట్టేది. ఆ యాస పిల్లలకు అందాలంటే పెదవుల కదలిక కూడా కనబడాలి. మనం చెవితోనే కాదు, కంటితో కూడా వింటాం. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు "బ" అనే ధ్వనికి "గ" పలికే నోటి బొమ్మను జతచేసి చూపిస్తే, చాలామంది పెద్దలకు "ద" అని వినిపించింది.

ముందుగా తేడా ఏ రకమో తెలుసుకోవాలి. సినిమావాళ్లు క్లాప్ కొట్టేది ఇందుకే. చెక్కలు కలవడం బొమ్మలో కనిపిస్తుంది, "టక్" అన్న చప్పుడు ధ్వనిలో వినిపిస్తుంది, రెంటినీ జతపరుస్తారు. పెళ్లి వీడియోలో క్లాప్ ఉండదు గాని అలాంటి క్షణాలకు కొదవ లేదు. నేను మొదట్లో కొబ్బరికాయ పగిలిన చోటు ఒకటి, అప్పగింతలకు కాస్త ముందు డోలు మీద కర్ర పడిన చోటు ఒకటి ఎంచుకున్నాను. వీఎల్‌సీ ప్లేయర్‌లో "ఇ" మీట నొక్కితే బొమ్మ ఒక్కొక్క ఫ్రేమే జరుగుతుంది. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు.

మొదట, చివర తేడా ఒకటే అయితే పని సులువు. వీఎల్‌సీలో "జె" నొక్కితే మాట 50 మిల్లీసెకన్లు ముందుకు, "కె" నొక్కితే అంతే వెనక్కు జరుగుతుంది. సరిపడిన అంకె రాసుకుని, ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యం గడిలో వేస్తే ఫైలులో శాశ్వతంగా ఉండిపోతుంది. ముందుకు జరపాలంటే అంకెకు మైనస్ గుర్తు పెట్టాలి.

మా ఫైలు అలా లేదు. కొబ్బరికాయ దగ్గర తేడా లేదు. గంటన్నర గడిచాక డోలు దగ్గర మాట 2.7 సెకన్లు వెనకబడింది. బొమ్మనూ ధ్వనినీ వేర్వేరు కార్డులతో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఇలా జరుగుతుంది. రెండింటి గడియారాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. 5,400 సెకన్ల బొమ్మకు 5,402.7 సెకన్ల ధ్వని ఉందన్నమాట. ధ్వనిని విడదీసి, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 0.05 శాతం పెంచాను. గొంతులో తేడా ఎవరూ పట్టలేనంత తక్కువ. తర్వాత బొమ్మను ముట్టుకోకుండా కొత్త ధ్వనిని జోడించాను.

మూడో రకం కూడా ఉంది. టేపు దెబ్బతిన్న చోట కొన్ని ఫ్రేములు పోయి, అక్కడినుంచి తేడా హఠాత్తుగా మొదలవుతుంది. అప్పుడు ఆ చోట ఫైలును కోసి, ముక్కలను విడివిడిగా సరిచేయాలి.

ప్రతి మిల్లీసెకనుకూ పోరాడనక్కరలేదు. మాట ముందొస్తే 45, వెనకొస్తే 125 మిల్లీసెకన్లు దాటితేగాని మామూలుగా తేడా తెలియదని అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫార్సులో ఉంది. ఏటి అవతల బట్టలు ఉతుకుతుంటే దెబ్బ ముందు కనబడి, చప్పుడు తర్వాత వినబడటం మనకు అలవాటే కదా!

ఇప్పుడు మా మనవరాలు తాతమ్మతో పాటు "ఏటే అమ్మా" అంటోంది. ఆ సాగదీత అచ్చు మా అమ్మదే. నేను ఎన్నిసార్లు చెప్పినా రానిది ఆ పెదవులు చూసి పట్టుకుంది.

సభ్యులందరికీ నా మనవి ఒకటే. ఫైలు చేసుకున్నా పాత డిస్కు, క్యాసెట్టు పారేయకండి. ఫైలును కనీసం రెండు ఇళ్లలో ఉంచండి. అందులో కనిపించే పెద్దల పేర్లు, వరసలు ఒక కాగితం మీద రాసి పెట్టండి. తెలుగునాట లేని మన పిల్లలకు మన ఊరి తెలుగు ఏ పుస్తకంలోనూ దొరకదు. పెద్దల నోటనే దొరుకుతుంది. ఆ నోరూ ఆ మాటా కలిసి ఉండేలా చూడటం మన వంతు.