మేకపాల గిన్నె

రాజకోటలో ఏటి ఒడ్డున, ఎవరును చూడని తావున, ఒక వైష్ణవ కుటుంబమునకు చెందిన బాలుడు మొదటిసారి మేకమాంసమును నోట పెట్టుకొనెను. అది నమలుటకు శక్యము కానంత గట్టిగా ఉండెను. రెండు ముక్కలు లోపలికి పోకముందే వికారము పుట్టి అతడు లేచిపోయెను. ఆ రాత్రి నిద్ర పట్టినప్పుడెల్ల, ప్రాణముతో ఉన్న మేక తన కడుపులో అరచుచున్నట్లు తోచి ఉలికిపడుచుండెను. అయినను అతడు మానలేదు. ఏడాది కాలములో నాలుగైదు మార్లు, పెద్దల కంట పడకుండ, మరల తినెను.

అతని చేత ఆ పని చేయించినది జిహ్వచాపల్యము కాదు. అతడు చీకటికి జడియువాడు. దయ్యములకును, పాములకును, దొంగలకును జడియువాడు. వేగముగా పరుగెత్తగల, ఎత్తుగా దుముకగల స్నేహితుడొకడు ఇదంతయు మాంసబలమని అతనికి నచ్చజెప్పెను. ఆంగ్లేయులు దేశమును ఏలుచుండుటకు కారణము కూడ వారి భోజనమేనని ఆ దినములలో బడిపిల్లలు చెప్పుకొనుచుండిరి. ధైర్యమునకును, స్వరాజ్యమునకును దారి కడుపులోనుండియే పోవునని ఆ బాలుడు నమ్మెను. తల్లిదండ్రులకు అబద్ధము చెప్పుట దుర్భరమైనప్పుడు మాత్రమే ఆ ప్రయోగమును చాలించెను. మోహనదాసు కరంచంద్ గాంధీ తన దేహముపై చేసికొన్న పరీక్షలలో ఇది మొదటిది.

1888లో ఆయన లండను చేరెను. మాంసము ముట్టనని తల్లికి ఇచ్చిన మాట ఆయనను చాలకాలము ఆకలితోనే ఉంచెను. నగరములో తిరిగి తిరిగి ఫారింగ్డన్ వీథిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొని, అక్కడ అమ్మకమునకు ఉంచిన హెన్రీ సాల్ట్ పుస్తకమును కొని, మొదటినుండి చివరివరకు చదివెను. అంతవరకు మాటకు కట్టుబడి శాకాహారియై ఉండినవాడు నాటినుండి నమ్మకముచేత శాకాహారి యయ్యెను. పిమ్మట మిఠాయిలు మానెను, మసాలాలు మానెను. బండికూలి మిగులునని దినమునకు ఎనిమిది పది మైళ్ళు నడచెను. డబ్బు ఆదా చేయుటకై మొదలిడిన ఆ నడకయే తనను ఆ చలిదేశములో రోగమునుండి కాపాడినదని తరువాత వ్రాసికొనెను. ఆహార విషయమున ఆయన ఎన్ని మారులు మనసు మార్చుకొన్నను ఈ ఒక్క వ్యాయామమును విడువలేదు. 1930లో అరువదియేండ్ల వయస్సున సాబర్మతినుండి దండి వరకు సుమారు 240 మైళ్ళు నడచిన కాళ్ళకు లండను వీథులలోనే శిక్షణ దొరకెను.

ఆయన లండనులో ఉన్న కాలముననే, 1889 జూన్ నెలలో, పారిసు జీవశాస్త్ర సంఘము ఎదుట వేరొక వృద్ధుడు తన దేహప్రయోగమును వినిపించెను. ఆయన చార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్ సెకార్. మారిషసు ద్వీపములో జనించి, నాడీమండల పరిశోధనలో ప్రపంచఖ్యాతి గడించిన ఆ శాస్త్రజ్ఞునకు అప్పటికి డెబ్బదిరెండేండ్లు. కుక్కల యొక్కయు, గినీపందుల యొక్కయు వృషణములనుండి తీసిన రసమును ఆయన సూదితో తన చర్మము క్రిందికి ఎక్కించుకొనెను. కొద్ది దినములలోనే మెట్లు సునాయాసముగా ఎక్కగలుగుచున్నాననియు, ప్రయోగశాలలో గంటల తరబడి నిలువగలుగుచున్నాననియు, ముంజేతి బలమును కొలుచు యంత్రము కూడ దీనికి సాక్ష్యము చెప్పుచున్నదనియు ప్రకటించెను. వార్త పొక్కినంతనే యౌవనమును అమ్ముదుమను వ్యాపారులు పుట్టుకొని వచ్చిరి. ఆయన మాత్రము 1894లో మరణించెను. వృషణము హార్మోనును పుట్టించునే గాని నిలువచేసికొనదు; ఆ హార్మోను నీటిలో సరిగా కరుగదు కూడ. కనుక ఆయన ఎక్కించుకొన్న రసములో అది ఉండుటకు వీలు లేదనదగినంత స్వల్పము. 2002లో ఆస్ట్రేలియాలో కొందరు వైద్యులు ఆయన చెప్పిన విధముననే రసము తీసి కొలిచి చూచి ఇట్లే నిర్ధారించిరి. ఆ వృద్ధుని మెట్లమీదికి ఎక్కించినది ఆయన ఆశయే.

అయినను ఆ పొరపాటు పూర్తిగా వ్యర్థము కాలేదు. గ్రంథుల రసమునకు గుణము కలదను ఊహ నిలిచెను. రెండేండ్లకే, 1891లో, ఇంగ్లండులోని జార్జి మర్రే అను యువవైద్యుడు గొర్రె గళగ్రంథి రసమును ఒక రోగిణికి ఇచ్చెను. ఆ గ్రంథి పనిచేయక ముఖము ఉబ్బి, మాట మందగించి, చలికి వణకుచుండిన ఆమె తేరుకొని మరి ఇరువదియెనిమిదేండ్లు జీవించెను. ‘హార్మోను’ అను పేరు కూడ అప్పటికి పుట్టలేదు. స్టార్లింగ్ దానిని 1905లో వాడెను. ఒకడు తనపై తాను చేసికొన్న పరీక్షలో తన కోరికయే ఫలమువలె కనబడును. అదే పరీక్ష ఇతరుల కన్నులయెదుట, ఇతర దేహములపై నిలిచినప్పుడే శాస్త్రమగును.

అయితే ఇతర దేహములను ప్రయోగమునకు పిలుచుటలోనే అసలైన భయము ఉన్నది. 1902లో బొంబాయిలో గాంధీ రెండవ కుమారుడు మణిలాలునకు సన్నిపాత జ్వరము వచ్చెను. బాలునకు అప్పుడు పదేండ్లు. కోడిగ్రుడ్లు, కోడిమాంసపు రసము ఇమ్మని పారశీక వైద్యుడు చెప్పెను. తండ్రి అంగీకరింపక తొట్టిస్నానములు చేయించి, నీరు కలిపిన నారింజరసము ఇచ్చుచుండెను. జ్వరము 104 డిగ్రీలకు పోయెను. తన పట్టుదలను పిల్లవాని ప్రాణముతో తూచు హక్కు తనకు కలదా అని ఆయన మనసు తల్లడిల్లెను. తడిదుప్పటిలో బాలుని చుట్టి, భార్యకు అప్పగించి, చౌపాటివైపు నడచిపోయెను. తిరిగివచ్చునప్పటికి చెమట పట్టి జ్వరము దిగుచుండెను. బాలుడు బ్రదికెను. బ్రదికించినది దైవమో, నీటివైద్యమో చెప్పజాలనని తండ్రియే తరువాత వ్రాసెను. ఆ రాత్రి వేరొక విధముగా ముగిసియున్నచో ఆ వాక్యము వ్రాయుట ఎంత కష్టమయ్యెడిది!

దక్షిణాఫ్రికాలో కస్తూరిబా రక్తస్రావముతో బాధపడినప్పుడు ఉప్పును, పప్పులను మానుమని ఆయన బ్రతిమాలెను. నీకే వైద్యులు ఇట్లు చెప్పిన నీవు మాత్రము మానగలవా అని ఆమె ఎదురు ప్రశ్న వేసెను. ఆయన ఆ క్షణమే ఏడాది పాటు రెండును మానితినని ప్రకటించెను. ఆమె కంట నీరు పెట్టుకొని, మాట వెనుకకు తీసికొనుమని వేడుకొనెను. ఆయన వినలేదు. ఇందులో ప్రేమ ఎంత, బలవంతము ఎంత అని వేరుచేయుట ఎవరికిని సాధ్యము కాదు.

1912లో టాల్‌స్టాయ్ క్షేత్రమున, మిత్రుడు కాలెన్‌బాక్‌తో కూడి, ఆయన పాలను మానెను. పాలు ఇంద్రియములను రేపుననియు, కలకత్తాలో గోవులను హింసించి పాలు పిదుకుచున్నారనియు కారణములు చెప్పెను. వేరుసెనగ ముద్దయు, నిమ్మకాయలును, పండ్లును ఆహారమయ్యెను. 1918లో ఖేడా జిల్లా గ్రామములలో సైనికులను చేర్పించుటకై తిరుగుచుండగా ఆ దేహము కూలెను. ఒక పండుగనాడు కస్తూరిబా ఆయన వ్రతమునకు భంగము రాకుండ నూనెతో చేసిన తియ్యని గోధుమపాయసమును, గిన్నెడు పెసలను ఎదుట పెట్టెను. ఏమియు తినదలచని దినమున ఆయన వలదనలేక తినెను. గంటలోపుననే గ్రహణి విజృంభించెను. మందులు నిరాకరించి నెలల తరబడి మంచము పట్టి, మరణము దగ్గరపడెనని తలచి ఆశ్రమవాసులకు చివరిమాటలు కూడ చెప్పెను.

1919 ఆరంభమున బొంబాయిలో శస్త్రచికిత్స చేసిన డాక్టరు దలాల్, పాలు త్రాగనిదే ఈ దేహమును నిలువబెట్టజాలనని స్పష్టముగా చెప్పెను. వ్రతము అడ్డమని రోగి పలికెను. మంచము ప్రక్క నిలిచి వినుచుండిన కస్తూరిబా, వ్రతము ఆవుపాలకును, గేదెపాలకునే గదా, మేకపాలకు అభ్యంతరమేమి అని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన లొంగెను. రౌలట్ బిల్లులపై పోరాడవలెనను తపనయే తనకు బ్రదుకుపై ఆశ పుట్టించినదనియు, వ్రతములో అక్షరము మిగిలి ఆత్మ పోయినదనియు ఆయన దాచక ఒప్పుకొనెను.

పది సంవత్సరముల తరువాత ఆ గిన్నెను వదలించుకొనుటకు మరియొక ఆశ కలిగెను. 1929లో ఆంధ్రదేశ పర్యటనలో, రాజమహేంద్రవరమున ప్రకృతి చికిత్సాలయము నడుపు ఒక వైద్యుడు, నిప్పు తగులని ఆహారమే సహజాహారమని ఆయనకు బోధించెను. 1893లో ప్రిటోరియాలో ఇట్టిదే ప్రయత్నించి ఓడిపోయిన సంగతి మరువకయే ఆయన మే నెలలో మరల ఆరంభించెను. మొలకెత్తిన గోధుమలు 8 తులములు, నూరిన బాదముపప్పు 8 తులములు, దంచిన పచ్చియాకులు 8 తులములు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. తన వివరములను, తనతో చేరిన ఆశ్రమవాసుల వివరములను ‘యంగ్ ఇండియా’లో ప్రచురించెను. ఆగస్టులో గ్రహణి మరల కనబడెను. ప్రయోగము విఫలమైనదని అదే పత్రికలో ప్రకటించి, మేకపాలకు తిరిగివచ్చెను.

1942లో ఆగాఖాన్ భవనపు నిర్బంధములో ఆరోగ్యముపై చిన్న పుస్తకము వ్రాయుచు, పాలకు బదులు నిలువగల మొక్కల ఆహారము దొరకవలెనని ఆయన ఇంకను కోరుచునే ఉండెను. పాలలో ఉండి శాకములలో దొరకని ఒక వస్తువు నిజముగానే కలదు. శాస్త్రజ్ఞులు దానిని విడదీసి బి12 అను విటమినుగా గుర్తించినది 1948లో. ఆయన కన్నుమూసిన సంవత్సరమునే. నేడు అది సూక్ష్మజీవులనుండి తయారై మాత్రల రూపమున దొరకుచున్నది. ఆయన వెదకినదానిలో కొంతభాగము, అతి చిన్న బిళ్ళగా, ఆయనకు అందని దూరమున నిలిచెను.

బలము కొరకు మేకను తిన్న బాలుని కడుపులో మేక అరచెను. సత్యము కొరకు పాలు విడిచిన వృద్ధుని మేకయే పోషించెను. ఆ పాల గిన్నెను ఆయన విజయముగా ఎన్నడును చెప్పుకొనలేదు. తన ఓటమియని చెప్పుచునే, దినదినమును త్రాగెను.