ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఒక కాపీ



మాది దౌల్తాబాద్ మండలంలో ఒక తండా. హాస్టళ్లలో చదివే నలుగురం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా తీజ్ పాటలు, పెండ్లిపిల్ల ఏడుస్తూ పాడే ఢావ్లో ఫోన్లలో రికార్డు చేస్తున్నం. మన గోర్‌బోలీకి సొంత లిపి లేదు. యాడీలు పాడితేనే పాట ఉన్నట్టు. ఒకసారి ఫోన్ పగిలి ఒక పాట పోయింది. మళ్లీ పాడించుకుందామంటే ఆ యాడి ఇప్పుడు లేదు.

అందుకే రికార్డులన్నీ డెబియన్ లినక్స్ ఉన్న ఒక పాత కంప్యూటర్‌లోకి ఎక్కించినం. సాంబాతో ఫోల్డర్ షేర్ చేస్తే ఇంటి వైఫైలో అందరి ఫోన్లకు వచ్చేది. దాన్నే పూర్తి హోం సర్వర్ చేద్దామని ఫ్రీడమ్‌బాక్స్ అనుకున్నం. మన సమాచారం పెద్ద కంపెనీల దగ్గర కాదు, మన ఇంట్లోనే చిన్న పెట్టెలో ఉండాలని 2010లో అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ చెప్పిన మాట నుంచి పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. పైసా ఖర్చు లేదు. మన దేశంలో కొన్ని పల్లెల్లో ఊరి ఇంటర్నెట్‌కు కూడా వాడిన్రు.

డెబియన్‌లో ఒక్క కమాండ్ చాలు: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రీడమ్‌బాక్స్. కొట్టినం, అయిపోయింది. ఫోన్లు తెరిచి చూస్తే పాటల ఫోల్డర్ లేదు! మా దగ్గర ఇంకో కాపీ కూడా లేదు. ఆ రాత్రి ఎవ్వరం సరిగ్గా తినలేదు.

పొద్దున మాన్యువల్ చదివినం. అందులో ముందే రాసి ఉంది: ఇది సిస్టమ్‌ను చాలా మారుస్తది, ఫైర్‌వాల్ పెడతది, కాబట్టి కొత్తగా వేసిన డెబియన్ మీద వేసుకోవడమే మంచిది. అంటే పాటలు ఎక్కడికీ పోలేదు. కొత్త ఫైర్‌వాల్ మా పాత తలుపు మూసింది, అంతే. కంప్యూటర్ ముందు కూర్చొని చూస్తే ఫైళ్లన్నీ ఉన్నయి. నెట్‌వర్క్స్ పేజీలో ఇంటి కనెక్షన్‌ను ఇంటర్నల్ జోన్‌లోకి మార్చి, దాని యాప్‌లలోని సాంబా ఆన్ చేసి, పాటలు ఆ షేర్‌లోకి తెచ్చుకున్నం.

ఈసారి బతికిపోయినం. మీరు నడుస్తున్న మిషన్ మీద ఏ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసినా, ముందు వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీయండి. ఆ కాపీలో రెండు మూడు ఫైళ్లు తెరిచి వినండి. పాత సెట్టింగులు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇన్‌స్టాల్ ఆ తర్వాతే. ఇంట్లో సర్వర్ అంటే కాపలా కూడా మనదే. ఏదన్నా అయితే ఫోన్ చేసి అడగడానికి కంపెనీ ఉండదు.

మొన్న ఒక యాడికి ఆమె పాటే వినిపించినం. నవ్వి, "ఈ డబ్బా చెడిపోతే?" అని అడిగింది.

ఇప్పుడు రెండో కాపీ ఆమె ఇంట్లో, బియ్యం డబ్బా పక్కన ఉంది. మీ తండాల పాటలు ఎక్కడున్నయో కింద రాయండి.