ముడి దగ్గర ఆగే ఉలి

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, లక్కబొమ్మలు చేసే పాకల్లో అంకుడు కర్ర వాసన నిండి ఉంటుంది. తెల్లగా, మెత్తగా, ఉలికి సుళువుగా లొంగే కర్ర ఇది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ దక్కింది. రంగుల గురించి చాలామంది రాశారు. నేను మాత్రం రంగు కింద ఉండే కర్ర కోసం, అందులోని ముడుల కోసం వెళ్ళాను.

ఒక పెద్ద మేస్త్రి కర్రముక్క చేతికిచ్చి తడిమి చూడమన్నారు. అంకుడు చెట్టుకు రెమ్మలు ఎదురెదురుగా వస్తాయి. అందుకే ముక్కకు రెండు పక్కలా ముడులు తగిలాయి. ఒకదాని నడుమ వెంట్రుకంత నెర్రె ఉంది.

కొమ్మ పుట్టిన చోటే ముడి. ఎండేటప్పుడు కర్ర అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కదలదు. ముడిలోని నార చుట్టూ ఉన్న నారకు అడ్డం తిరిగి ఉంటుంది. చుట్టూ కర్ర నిలువునా బిగిసి ఉంటే, ముడి అన్ని వైపులా ముడుచుకుపోవాలని చూస్తుంది. ఆ లాగుడుకే నడుమ పగులుతుంది. చచ్చిన కొమ్మ తాలూకు ముడి అయితే చుట్టూ బెరడు చిక్కుకుని, చివరికి ఊడిపోయి బొక్క మిగులుతుంది.

"ముడి దగ్గర తొందర పనికిరాదు బాబూ," అన్నారాయన. బొంగరాలు, కుంకుమ భరిణెల వంటి చిన్న వస్తువులకు ముడికీ ముడికీ మధ్యనున్న కర్ర కోస్తారు. తప్పించలేని ముడిని బొమ్మ అడుగున, దళసరిగా ఉండే చోటుకు తెస్తారు. భరిణె అంచులాంటి పలుచని చోట దాన్ని ఉంచరు. కర్రను నీడలో ఆరబెడతారు. ఎండలో పెడితే పైన ఆరి, లోపల తడి మిగిలి, పగులు తప్పదు. కోసిన చివర్ల నుంచే నీరు వేగంగా పోతుంది కాబట్టి అక్కడ మైనం పూయడం కొయ్యపనిలో చాలాచోట్ల ఉన్న పద్ధతే. పచ్చి కర్రను ముందు లావుగా తరిమెన పట్టి పక్కన పెట్టి, ఆరాక అసలు కొలతకు తేవడం మరో జాగ్రత్త.

లేతు మీద ముడి వచ్చేసరికి ఆయన ఆగి, ఉలికి పదును పెట్టుకుని, పలుచగా గీస్తూ పోయారు. మొద్దు ఉలి ముడిని కోయదు, పెరుకుతుంది. తర్వాత లక్క వంతు. తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. ముడిలో తడి ఉంటే ఆ వేడికే ఆరిపోయి, రంగు వేశాక నెర్రె బయటపడుతుంది.

పగిలినదాన్ని పారేయనక్కర్లేదు. నెర్రెలోని దుమ్ము దులిపి, అదే కర్ర పొడి కూరి, కరిగిన లక్క నింపి, చల్లారాక ఉలితో సరిచేస్తారు. అలంకరణ గిన్నెలు చేసేవాళ్ళు సన్నని పగుళ్ళలోకి పలుచని సూపర్ గ్లూ ఇంకిస్తారు, వెడల్పాటి వాటికి ఎపాక్సీ వాడతారు. పసివాళ్ళు నోట్లో పెట్టుకునే బొమ్మకు మాత్రం లక్కే తగినదని నా నమ్మకం. సహజ రంగుల మీద ఇంత శ్రద్ధ పెట్టిన ఊళ్ళో పగులులో నింపే పదార్థం గురించీ అంతే శ్రద్ధ ఉండాలి.

అయితే ఏది నింపినా, కర్ర పూర్తిగా ఆరాకే నింపాలి. పగులు రెండు కొసలా పెన్సిల్ గీత పెట్టి కొన్నాళ్ళు ఆగి చూడాలి. గీత దాటితే కర్ర ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు నింపిన లక్క పగులును కప్పుతుందే తప్ప ఆపదు.

అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతున్న రోజులివి. పండక్కి వారం ముందు వందల బొమ్మలు కావాలని ఒత్తిడి చేసే కొనుగోలుదారు, తెలియకుండానే పచ్చి కర్రను లేతెక్కిస్తున్నాడు. ముందుగా చెప్పి, కర్ర ఆరే నెలలకూ కలిపి ధర ఇస్తే, సగం పగుళ్ళకు మందు అక్కడే దొరుకుతుంది.