తొక్కల చదువు

పిల్లలకు మాటలు వచ్చీరాని రోజుల్లోనే మనం నేర్పేసే మాట 'ఛీ'. మట్టి ఛీ, పురుగు ఛీ, చెత్త ఛీ. తరవాత బడికి పంపించి, ప్రకృతిని ప్రేమించమని వ్యాసం రాయిస్తాం. వాళ్ళూ బుద్ధిమంతులు గనక, పదికి తొమ్మిది మార్కులు వచ్చేటంత ప్రేమించి ఊరుకుంటారు.

నేను ఆరో తరగతికి సైన్సు చెబుతాను. వానపాము రైతుకు నేస్తమని ఏటా నేను చెప్పేదే, ఏటా వాళ్ళు రాసేదే. ఈసారి వేసవి సెలవులు కాగానే ఆ నేస్తాన్ని బళ్ళోకే పిలిచాం. వేపచెట్టు నీడలో, అడుగున చిల్లులున్న పాత సిమెంటు తొట్టి. అందులో కొబ్బరిపీచు, ఎండుటాకులు, వేడి చల్లారిన పాత పేడ. అరకిలో ఎర్రటి వానపాములు. పైన తడిపిన గోనెపట్టా. మధ్యాహ్న భోజనం వండేచోటి నుంచి సొరకాయ చెక్కు, బంగాళాదుంప తొక్కలు తెచ్చి, రోజూ తూచి వెయ్యడం పిల్లల వంతు.

వాటి మర్యాదలు వారంలో అందరికీ కంఠతా వచ్చేశాయి. నిమ్మతొక్కలు, నూనె, ఉప్పుకారాలు పనికిరావు. చర్మంతోనే ఊపిరి తీసుకుంటాయి కనక ఒళ్ళు ఆరిపోకూడదు, అలాగని నీళ్ళు నిలవనూ కూడదు. "కొత్తల్లుడే నయం టీచరమ్మా!" అంది వంటమ్మ.

వాటికి చెవులు లేవంటే నమ్మక ఒకడు తొట్టిలోకి వంగి కేకలు పెట్టాడు. డార్విన్ మహాశయుడూ ఇలాంటి పనే చేశాడని చెప్పాను. పియానో వాయిస్తే అవి లెక్కచెయ్యలేదుట. కుండీని పియానో మీదే పెట్టి వాయిస్తే మాత్రం, అదురు తగిలి బొరియల్లోకి దూరాయిట. ఇదంతా ఆయన 1881లో పుస్తకంగా వేశాడు.

ఇంతలో ఒక తల్లి వచ్చారు. "మావాడిచేత పురుగులు ముట్టిస్తున్నారుటగా టీచర్ గారూ?"

"సబ్బుతో చేతులు కడిగిస్తున్నామండీ" అన్నాను. ఆవిడకి తృప్తి కలగలేదు.

రెండు నెలలకు తొట్టిలో తొక్కల జాడ లేదు. టీపొడిలాంటి నల్లటి ఎరువు, తొలకరి వాసన. పిల్లలు గుప్పిళ్ళతో తీస్తూంటే మధ్యలోంచి తళతళలాడుతూ ఒక బిస్కట్ పొట్లం కాగితం బయటపడింది. ఎప్పుడో ఎవరో పడేసింది. దాని మీద ధర కూడా చక్కగా చదవచ్చు!

"దీన్నెవరు తింటారు టీచర్?" అని అడిగింది, మొదట్లో గోనెపట్టా ఎత్తడానికే హడిలిపోయిన పిల్ల.

ఎవరూ తినరని చెప్పాల్సివచ్చింది. పారెయ్యడమంటే ఇంకోచోట పెట్టడమేనని నేను నాలుగు పాఠాలు చెప్పినా ఎక్కేది కాదు. ఆ కాగితంముక్క ఒక్క నిమిషంలో చెప్పింది.

కాని ఆ చదువు ఇంటి చెత్తబుట్ట దగ్గర ఆగిపోతే ఏం లాభం? తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైనది వేరువేరుగా ఇమ్మని 2016లోనే నిబంధనలు వచ్చాయి. మనమేమో అరటితొక్క, పాలకవరు, పగిలిన గాజుముక్క ఒకే సంచిలో వేసి, మూతికట్టి ఇచ్చి చేతులు దులుపుకుంటాం. ఆ ముడి విప్పేది ఇంకొకరి చెయ్యి.

మొన్న ఆ తల్లే మళ్ళీ ఎదురయ్యారు. రెండో బకెట్టు పెట్టమని వాళ్ళబ్బాయి ఇంట్లో ఒకటే పోరుట. "తొక్కల్లో పాలకవరు పడితే చెయ్యిపెట్టి మరీ తీస్తాడండీ. ఛీ అంటే, మనం తియ్యకపోతే బండి అన్న తియ్యాలి కదమ్మా అంటాడు!"

కోపంగా చెప్పారో, గర్వంగా చెప్పారో పోల్చుకోలేకపోయాను. రెండో బకెట్టు మాత్రం కొన్నారుట.