ఆయ్ అన్నంత తేలిక కాదు

మా అల్లవరం ప్రాంతంలో ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే ముందుగా వినిపించే మాట 'ఆయ్'. ఔనండీ, వింటున్నానండీ, సెలవియ్యండీ అన్న భావాలన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటాయి. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, గడప దాటి కాలువ గట్టు ఎక్కగానే మా నోట కూడా ఆ మాటే వస్తుంది. మా మదర్సాలో అరబీ వ్యాకరణం వల్లించే పిల్లవాడు సైతం, హాజరు పిలిచేటప్పుడు 'హాజిర్' అనవలసిన చోట 'ఆయ్' అని నాలుక కరచుకుంటాడు. అందువల్ల ఆ మాటే పేరుగా ఒక సినిమా వచ్చిందని విన్నప్పుడు మాకు ఆసక్తి కలిగిన మాట నిజం.

మదర్సా ఉపాధ్యాయుడు సినిమాను గురించి రాయడమేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. సినిమాలు చూడడం మా అలవాటు కాదు. కానీ గడచిన బక్రీద్ సెలవులలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు దానిని టీవీలో పెట్టాడు. "మామూ, ఇది మన ఊళ్ళ కథ, మీరూ చూడండి" అన్నాడు. బావగారు కువైట్‌లో ఉంటారు. చెల్లెలు, మేనకోడలు, మేనల్లుడు, మేము, నలుగురమూ కూర్చున్నాము.

'ఆయ్' చిత్రం 2024 ఆగస్టు 15న విడుదలయింది. 'మేం ఫ్రెండ్సండి' అనేది దాని ఉపశీర్షిక. దర్శకుడు అంజి కె. మణిపుత్ర, నాయకుడిగా నార్నె నితిన్, నాయికగా నయన్ సారిక నటించారు. లాక్‌డౌన్ రోజులలో హైదరాబాదు నుండి కోనసీమలోని తన ఊరికి తిరిగివచ్చిన యువకుడు ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె తండ్రికి కులపట్టింపు మెండు. నాయకుని ఇద్దరు మిత్రులుగా వేసిన రాజ్‌కుమార్ కసిరెడ్డి, అంకిత్ కొయ్య నవ్వులను మోస్తారు. ప్రేక్షకులు బాగానే ఆదరించిన చిత్రమిది. ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పబోము. చూడదలచిన వారికి అన్యాయం చేయడం మా ఉద్దేశం కాదు.

మంచి ఉంటే మంచి అని చెప్పాలి. మా యాసను వెక్కిరించకుండా ప్రేమగా పలికించారు. కొబ్బరి తోటలూ, కాలువ గట్లూ కంటికి హాయిగా ఉన్నాయి. అయినా చిత్రం ముగిసేసరికి మా మనసు చిన్నబోయింది.

మొదటి కారణం, అందులోని కోనసీమ ఎక్కువ భాగం పచ్చదనమే. మా మండలం చివర ఓడలరేవు వద్ద వైనతేయ సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఒకవైపు ఓఎన్‌జీసీ టెర్మినల్, మరొకవైపు వలలు బాగుచేసుకునే మత్స్యకారుల ఇళ్ళు. కువైట్‌లోనూ, దుబాయిలోనూ, మస్కట్‌లోనూ ఇళ్ళ పనికి వెళ్ళిన తల్లుల కోసం అమ్మమ్మల ఒడిలో ఎదురుచూసే పిల్లలు ఈ ఊళ్ళన్నిటా ఉన్నారు. వీరందరినీ ఒక హాస్యచిత్రంలో చూపలేదని తగవు పెట్టుకోవడం సబబు కాదని ఒప్పుకుంటాము.

రెండవ కారణమే మమ్మల్ని ఎక్కువగా బాధించింది. కులం అక్కడ ఒక నవ్వుల సరుకయింది. తండ్రి కులం పేరెత్తిన ప్రతిసారీ నవ్వుకుంటాము, చివరకు ఒక మలుపు వస్తుంది, అడ్డు తొలగిపోతుంది. కానీ ఈ నేల మీద కులం అంత తేలికగా తొలగినది ఎక్కడ? తూర్పు గోదావరి నుండి కోనసీమ జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న. దాని పేరులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న నిర్ణయానికి వ్యతిరేకంగా, అదే సంవత్సరం మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుని ఇంటికీ నిప్పు పెట్టారు. కొన్ని రోజులపాటు ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఆ సాయంత్రం మదర్సా పిల్లలను బయటకు పోనీయకుండా తలుపులు మూసి కూర్చున్నాము. ఒక పేరు చేర్చడమే ఇంతటి మంటకు కారణమైన చోట, పెళ్ళి అనే మాటకు ఎంత మంట రేగుతుందో మా ఊళ్ళ వారికి తెలుసు.

సినిమా అయిపోయిన తరువాత ఈ మాటలన్నీ మా చెల్లెలి ఇంట్లో కాస్త గట్టిగానే చెప్పాము. కులవ్యాధిని నవ్వులాటగా మార్చారనీ, ఇస్లాంలో ఇటువంటి జాడ్యానికి తావు లేదనీ ఉపన్యాస ధోరణిలో సాగిపోతూ ఉన్నాము. మేనకోడలు టీ కప్పులు తీస్తూ తలెత్తకుండానే అన్నది:

"సినిమాలో ఆ తండ్రి కులమని పైకి చెప్పాడు మామూ. మీరు కితాబు పేరు చెప్పారు."

చెల్లెలు కంగారుగా కూతురిని మందలించింది. మేము మాత్రం ఏమీ అనలేకపోయాము. ఎందుకంటే ఆ మాట అబద్ధం కాదు.

నాలుగేళ్ళ క్రితం ఆ అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఫార్మసీ చదివి మందుల దుకాణంలో పనిచేస్తున్నాడు. ఐదు పూటల నమాజీ, మితభాషి. కట్నం ప్రసక్తి లేదని వారే ముందుగా కబురు పెట్టారు. వారు నూర్‌బాషాలు, జనం నోట దూదేకులవారు. తండ్రి నేటికీ పరుపులు కుట్టే పని చేస్తాడు. బావగారు దూరాన ఉన్నందున చెల్లెలు మా అభిప్రాయం అడిగింది. మేము గొంతు సవరించుకొని 'కుఫూ కుదరదు' అన్నాము. కుఫూ అంటే వధూవరుల కుటుంబాల మధ్య ఈడుజోడు. ఫిఖా గ్రంథాలలో దానికి ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. ఆలిమ్ నోట ఆ మాట వచ్చిన తరువాత చెల్లెలు మారు పలకలేదు. మూడు రోజులలో ఆ సంబంధం వెనక్కి పోయింది. అమ్మాయిని ఏమనుకుంటున్నావని ఎవరమూ అడగలేదు.

ఇక ఆ గ్రంథాల సంగతి. మేము ఏళ్ళ తరబడి విద్యార్థులకు 'హిదాయా' బోధిస్తూ ఉన్నాము. అందులో కఫాఅత్ అధ్యాయం మాకు కొట్టిన పిండి. అరబ్బుల విషయంలో అక్కడ వంశం ప్రస్తావన ఉన్నది. అరబ్బేతరుల విషయానికి వస్తే వంశానికి బదులు, తండ్రీ తాతలూ ముస్లిములా కాదా అన్నది చూస్తారు. ఆ లెక్కన తరతరాలుగా కలిమా చదువుతున్న నూర్‌బాషా కుటుంబానికీ, షేక్ అని పేరు ముందు పెట్టుకున్న మా కుటుంబానికీ తేడా ఏమిటి? వృత్తి ప్రస్తావన కూడా అక్కడ ఉన్నది, అందులో ఇమాముల అభిప్రాయాలు ఒకటిగా లేవు. పైగా పెళ్ళికొడుకు ఏకినది దూది కాదు, అమ్మినది మందులు. ఇదంతా ఆనాడు మాకు తెలియనిది కాదు. తెలిసి కూడా, చెల్లెలికి తెలియదన్న ధీమాతో ఒక అరబీ పదాన్ని గోడలా అడ్డం పెట్టాము. ఆ గోడ వెనుక ఉన్నది ధర్మం కాదు, బిరాదరీ. బంధువుల దావత్‌లో ఎవరో ముఖం తిప్పుకుంటారేమోనన్న భయం.

మరొక సంగతి కూడా మేము పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాము. జులైబీబ్ (రజియల్లాహు అన్హు) రూపవంతుడు కాదు, వంశబలం లేనివాడు. ఆయన కోసం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఒక అన్సారీ ఇంట అమ్మాయిని అడిగారు. తల్లిదండ్రులు వెనకాడారు. లోపలి నుండి విన్న అమ్మాయి, ప్రవక్త కోరిన సంబంధాన్ని కాదంటారా అని తల్లిదండ్రులనే నిలదీసి తన సమ్మతి తెలిపింది. ముస్నద్ అహ్మద్‌లోని ఈ ఉదంతం చెప్పేటప్పుడు మా గొంతు గద్గదమయ్యేది. మా ఇంటి లోపలి నుండి మాత్రం ఏ స్వరమూ వినపడకుండా మేమే తలుపు వేశాము.

తెలుగులో 'పింజారీ' అన్న మాటను జనం తిట్టుగా వాడుతుంటారు. అది దూదేకేవారి పేరు. బుర్రకథకు పేరు తెచ్చిన పద్మశ్రీ షేక్ నాజర్ ఆ కుటుంబాలలో పుట్టినవారే. తన ఆత్మకథకు ఆయన ఆ పేరే పెట్టుకున్నారు. ఇతరులు తిట్టుగా విసిరిన మాటను ఆయన తలపాగాగా చుట్టుకున్నారు. మేము ఆ తిట్టును నోటితో పలకలేదు. 'కుఫూ కుదరదు' అన్నప్పుడు పలికినది అదేనని ఇప్పుడు తెలుస్తున్నది.

మర్నాడు ఫజ్ర్ నమాజు తరువాత మేనకోడలిని పిలిచి, "బేటీ, ఆనాడు నిన్ను అడిగి ఉంటే ఏమని ఉండేదానివి?" అన్నాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడు ఆ జవాబుతో పని ఏమున్నది మామూ? ఇకముందు ఏ సంబంధం వచ్చినా, నన్ను అడిగిన తరువాతనే వారికి జవాబు చెప్పండి. అంతే" అన్నది. తప్పు మాదేనని ఆమె ముందూ, చెల్లెలి ముందూ ఒప్పుకున్నాము. యాభై దాటిన వయసులో, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోటితో ఆ ఒక్క మాట పలకడానికి ఎంత బరువుగా ఉన్నదో చెప్పలేము.

తరువాత ఆ పరుపుల ఆయన వద్దకు వెళ్ళాము. మా ఇంట్లో మేము పడుకునే పరుపు కూడా ఆయన కుట్టినదే. బూరుగు దూది, గట్టి కుట్టు. ఆయన చేతి పరుపు మీద నిశ్చింతగా నిద్రపోతూనే, ఆయన ఇంటికి అమ్మాయిని ఇవ్వరాదని తీర్పు చెప్పినవారము మేము. గుమ్మంలో నిలబడి సలాం చెప్పగానే ఆయన లేచి, "ఆయ్, రండి మౌలానా గారూ" అన్నాడు. మేము వచ్చిన పని చెప్పాము. ఆనాడు ధర్మం పేరుతో మేము చెప్పినది ధర్మం కాదన్నాము, మన్నించమన్నాము. ఆయన సూది పక్కన పెట్టి కొంతసేపు నేల వైపు చూశాడు.

"మా వాడికి పెళ్ళయిపోయిందండి. మనవరాలు కూడా పుట్టింది. అల్లాహ్ దయ" అన్నాడు. ఆ తరువాత, "మీ పరుపు కుట్టి చాన్నాళ్ళయింది కదండీ. దూది గట్టిపడి ఉంటుంది. పంపించండి, మళ్ళీ ఏకి కుడతాను" అన్నాడు. మన్నించానని గానీ, మన్నించలేదని గానీ ఆయన అనలేదు. అడిగే హక్కు కూడా మాకు లేదనిపించింది.

ఆ సినిమా మీద మాకున్న ఫిర్యాదు ఇప్పటికీ తొలగలేదు. తండ్రి మనసు మారడమన్నది తెరపై చూపినంత తేలిక కాదు, హాయి అంతకన్నా కాదు. నష్టం జరిగిపోయిన తరువాత మారిన మనసు ఎవరికీ పెళ్ళి చేయలేదు. కానీ ఈ ఫిర్యాదు చేయడానికి అర్హత ఉన్నవారు ఆ రోజు ఆ గదిలో మేము కాము, టీ కప్పులు తీస్తున్న ఆ అమ్మాయి.

ఈ సంవత్సరం కఫాఅత్ అధ్యాయం వచ్చినప్పుడు విద్యార్థులకు పాఠంతో పాటు మా తప్పును కూడా చెప్పాము. రేపు వారిలో ఎందరో మస్జిదులలో ఇమాములవుతారు. చెల్లెళ్ళూ, ఇరుగుపొరుగులూ సలహా కోసం వారి వద్దకే వస్తారు. పాఠక సోదర సోదరీమణులకు మా మనవి కూడా ఇదే. ఇంటికి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి దీన్‌ను చూడండి, నడవడిని విచారించండి. ఆలిమ్‌ను అడగడానికి ముందు అమ్మాయిని అడగండి. ఆలిమ్ కాదన్నప్పుడు, ఏ కారణం చేత కాదంటున్నారో అదబుతోనే నిలదీసి అడగండి. మా చెల్లెలు ఆనాడు ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే, మా వద్ద జవాబు ఉండేది కాదు.