తీసుకున్నది తిరిగిచ్చారా?

"ఒక్క లైన్ కోసం పదకొండు రోజులా?" అన్నారు మా టీమ్ లీడ్. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

మా పని వర్చువల్ మెషీన్లతో. ఒకే సర్వర్‌ని పది కంప్యూటర్లలా నడిపించడం అన్నమాట. లినక్స్‌లో ఇందుకోసం కేవీఎం అనే భాగం ఉంది. 2007లో 2.6.20 వెర్షన్‌తో వచ్చింది. దానికి మా అవసరాల కోసం మేం కొంత కోడ్ కలుపుకున్నాం. కొన్నాళ్లకి సర్వర్ మెమరీ కరిగిపోవడం మొదలైంది. మెషీన్లన్నీ ఆపేసినా వెనక్కి రాదు. రీస్టార్ట్ ఒక్కటే దిక్కు.

మెమరీ పేజీలుగా ఉంటుంది. మామూలుగా ఒక్కోటి 4 కేబీ. ప్రతి పేజీకీ ఒక లెక్క. ఎవరైనా తీసుకుంటే ఒకటి పెరగాలి, వదిలేస్తే ఒకటి తగ్గాలి. సున్నాకి వస్తేనే ఆ పేజీ ఇంకొకరికి దక్కుతుంది. ఎక్కడో ఎవరో తీసుకుని వదలట్లేదు. 10 లక్షల పేజీలు అలా ఇరుక్కుంటే 4 జీబీ పోయినట్టే!

ఎనిమిదో రోజు ఇంటికి ఫోన్ చేసి నాన్న దగ్గర గోల పెట్టా. ఆయనది టెంట్ హౌస్. "పెళ్లి సజావుగా జరిగిన ఇంటి నుంచి సామాను లెక్కగా వచ్చేస్తుందమ్మా. వానొచ్చి మధ్యలో ఆగిపోయిన ఫంక్షన్ దగ్గరే గంగాళం పోతుంది" అన్నారు.

అప్పటిదాకా నేను అన్నీ సవ్యంగా జరిగే దారులే చూస్తున్నా. ఆ రాత్రి ఎర్రర్ వచ్చి మధ్యలో ఆగిపోయే చోట్లన్నీ తీశా. దొరికింది. పేజీ తీసుకున్నాక ఒక చెకింగ్ ఉంది. అది ఫెయిలైతే కోడ్ పేజీని వదలకుండానే బయటికొచ్చేస్తోంది. ఎవరు రాశారా అని గిట్ బ్లేమ్ కొట్టా. నా పేరే!

కంగారులో ఫంక్షన్ చివర అన్ని దారులకీ కలిపి 'వదిలెయ్' అని పెట్టేశా. పది నిమిషాల్లో టెస్ట్ సర్వర్ క్రాష్. సవ్యంగా జరిగే దారిలో అప్పటికే ఒకసారి వదులుతున్నాం మరి. రెండోసారి వదలడమంటే, మనిషి కూర్చుని ఉండగానే కుర్చీ ఇంకొకరికి ఇచ్చేయడమే. ఆ లైన్‌ని ఫెయిలయ్యే చోటికి మాత్రమే జరిపితే అంతా సర్దుకుంది.

అప్రైజల్ నెల. చప్పుడు చేయకుండా సరిచేసేద్దామా అనిపించింది. కానీ ఇది మెమరీ వృథాతో పోయేది కాదు. 2016లో లినక్స్‌లో బయటపడ్డ ఒక లోపంలో ఇలాగే తగ్గని లెక్క పెరిగి పెరిగి, 32 బిట్లు నిండి సున్నాకి తిరిగింది. మామూలు యూజర్ రూట్ అయిపోయేందుకు దారి దొరికింది. మా కోడ్ వేరే టీమ్‌లూ వాడుతున్నాయి. వాళ్లకి తెలియాలి కదా.

అందుకే తప్పు ఏ మార్పుతో వచ్చిందో చెప్పే 'ఫిక్సెస్' లైన్‌లో నా పాత మార్పునే రాశా. లీడ్ అది చదివి, "మిగతా ఎర్రర్ దారులు కూడా నువ్వే చూడు" అన్నారు. ఇంకో రెండు దొరికాయి.

నాన్నకి చెప్తే ఒకటే అడిగారు: "ఇంతకీ గంగాళం దొరికిందా?"

దొరికింది నాన్నా. మనింట్లోనే ఉంది.