చైత్రంలో చెన్నపట్నం

ఎండలు ముదిరే వేళ మద్రాసు వెళ్తున్నానంటే నవ్వని వాడు లేడు. ఊటీ వెళ్ళేవాళ్ళున్నారు, కొడైకెనాల్ వెళ్ళేవాళ్ళున్నారు, మద్రాసెవరు వెళ్తారండీ! 1996లో పేరు మార్చుకుని చెన్నై అయినా మనకింకా అది మద్రాసే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఉక్కపోతకి వేళాపాళా లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. కానీ నా మాట వినండి. ఆ ఊరు చూడాలంటే డిసెంబరు కచేరీల నెల కంటే తమిళుల పంగుణి నెలే మేలు. అంటే మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా. మల్లెపూలు మూరల్లో కాదు, గంపల్లో వస్తాయి. వేపచెట్టు కింద నడిస్తే నెత్తిన పూత రాలుతుంది. అన్నిటికీ మించి మైలాపూరు కపాలీశ్వరుడికి పది రోజుల ఉత్సవం జరుగుతుంది. కొన్నేళ్ళు ఉగాదికి ముందు, కొన్నేళ్ళు ఉగాది తర్వాత. మేం వెళ్ళిన ఏడు తర్వాత వచ్చింది.

మేం అంటే నేనూ, మా బాబాయీ. డెబ్బై అయిదు దాటిన మనిషి. 1969లో తెనాలి నుంచి మద్రాసు పారిపోయి, హీరో అవుదామనుకుని లైట్ బాయ్ అయ్యాడు. పద్నాలుగేళ్ళు ఆర్క్ లైట్ల పక్కన కార్బన్ కడ్డీలు మార్చాడు. యూనిట్లు ఒక్కొక్కటే హైదరాబాదు తరలిపోయాక 1983లో ఊరికొచ్చేసి, కరెంటు సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. "ఏం బాబాయ్, ఒక్కసారన్నా వెళ్ళవా?" అంటే, "అక్కడ నాకు బాకీ ఉందిరా" అనేవాడు. ఏం బాకీయో చెప్పేవాడు కాదు. కిందటేడు కంట్లో శుక్లం తీయించుకున్నాక తనే అడిగాడు. "చూపు బావుండగానే తీసుకెళ్ళరా అబ్బాయ్."

మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి మించిన సుఖం లేదు. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్లో దింపుతుంది. 1873లో కట్టిన ఆ ఎర్ర స్టేషనుకి 2019లో ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. గోపురం మీద గడియారం మాత్రం మారలేదు. బాబాయి దిగీ దిగగానే దాన్ని చూసి తన చేతి వాచీ సరిచేసుకున్నాడు.

బస టి.నగర్లో చేయండి. పట్టుచీరల కోసం ఎలాగూ అక్కడికే వెళ్తారు గనక ఆటో ఖర్చు కలిసొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఆ 'టి' అంటే త్యాగరాయ చెట్టి, మన తెలుగువాడే. పక్కనున్న పానగల్ పార్కు పేరు, 1921 నుంచి అయిదేళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన పానగల్ రాజావారిది. ఆయనా మనవాడే. బజుల్లా రోడ్డులో ఎన్.టి.ఆర్., ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల... ఒకప్పుడు ఈ వీధుల్లో తెలుగు వినపడని అరుగు లేదు. వేషాల కోసం వచ్చినవాళ్ళు, కథలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళు పానగల్ పార్కు బెంచీల మీదే రోజులు వెళ్ళబుచ్చేవారు. ఈమధ్య సంవత్సరాల్లో భూగర్భ మెట్రో పనులకి ఆ పార్కునే తవ్విపోశారు. బాబాయి రేకుల సందులోంచి తొంగిచూసి, "నేను పడుకున్న బెంచీ అదిగో, ఆ క్రేన్ ఉన్న చోటు" అన్నాడు. నేను నమ్మాను.

ఇక వడపళని. సినిమా పాఠకులు మీరు కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా-వాహినీ స్టూడియో ఉన్న నేల ఇది. 'పాతాళభైరవి' 1951 మార్చి 15న విడుదలైంది, 'మాయాబజార్' 1957 మార్చి 27న. చూశారా, రెండూ వసంతకాలం పంటలే! తోటరాముడు సాహసాలు చేసిందీ, ఘటోత్కచుడు వివాహభోజనం ఆరగించిందీ ఇక్కడి ఫ్లోర్లలోనే. ఇప్పుడేమున్నాయంటారా? ఒక పక్క నాగిరెడ్డిగారు 1972లో ప్రారంభించిన విజయా హాస్పిటల్. ఇంకో పక్క 2013లో తెరిచిన పెద్ద షాపింగ్ మాల్. పేరులో ఇంకా 'విజయా' ఉంది, అంతే.

బాబాయి కన్నీళ్ళు పెట్టుకుంటాడేమోనని జేబురుమాలు సిద్ధంగా ఉంచుకున్నాను. ఆయన మాల్లోకి నడిచి, ఎస్కలేటర్ దగ్గర ఆగి, పైకి చూసి, "లైటింగ్ బాలేదురా" అన్నాడు. "అంతా నెత్తి మీంచి కొట్టారు. మొహాలన్నీ నీడలు. పక్క నుంచి ఒక్క లైటు ఉంటే ఆ అమ్మాయి ఎంత బావుండేది!" బట్టల కొట్టు ముందు నిలబడ్డ సేల్స్ గర్ల్ కంగారుపడి లోపలికెళ్ళిపోయింది. నేనూ వెళ్ళిపోదామనుకున్నాను. ఆయన మాత్రం బయటికొచ్చి, రోడ్డు వెంట అంగలు లెక్కపెట్టుకుంటూ గేటెక్కడుండేదో, క్యాంటీనెక్కడుండేదో కొలవడం మొదలెట్టాడు.

అప్పుడు తెలిసింది బాకీ సంగతి. ఆ పక్క సందులో ఒక మెస్ ఉండేదట. ఒక తమిళావిడ, భర్త పోయినావిడ నడిపేది. షూటింగులు లేని నెలల్లో కూడా ఆకు వేయడం మానేది కాదు. నోటు పుస్తకంలో పేరు రాసుకునేది. 1983లో ఊరొదిలేటప్పటికి బాబాయి పేరు కింద 240 రూపాయలు. "చెప్పకుండా వచ్చేశానురా. చెప్తే ఆవిడ వద్దంటుంది. వద్దంటే ఇంక నేను బతికుండి లాభమేంటి?" ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్లూ, ఒక కంటి ఆస్పత్రీ ఉన్నాయి. నాలుగు గడపల్లో అడిగాం. ఎవరికీ తెలియదు. జనం మారి రెండు తరాలైంది.

అక్కడికి దగ్గర్లోనే ఎ.వి.ఎం. స్టూడియో ఉంది. 2023లో పాత కార్లూ, కెమెరాలతో ఒక మ్యూజియం పెట్టారు. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి. బాబాయి ఒక పాత లైటు ముందు పావుగంట నిలబడ్డాడు గానీ ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఎండ తప్పించుకోవాలంటే ఎగ్మూరు మ్యూజియంకి పదండి. 1851లో పెట్టింది. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. జనం నటరాజ విగ్రహాల కోసం వెళ్తారు, అవీ చూడదగ్గవే. మనం చూడాల్సింది అమరావతి శిల్పాలు. మన ఉమ్మడి గుంటూరు జిల్లా స్తూపం రాళ్ళు కొన్ని లండన్ చేరాయి, కొన్ని ఇక్కడ ఆగాయి. తెనాలికి కూతవేటు దూరంలో పుట్టిన రాళ్ళని తెనాలి మనిషి మద్రాసులో చూడ్డం! నాకైతే కాస్త కోపం వచ్చింది, ఆ పనితనం చూసేసరికి పోయింది.

సాయంత్రాలు మెరీనాకి. దాని గురించి ఎవరూ రాయనిది నేను రాయలేను. సముద్రపు గాలి లేవగానే సుండల్ పొట్లం కట్టించుకుని ఇసకలో కూర్చోండి, చాలు. అడయారు మర్రిచెట్టు చూద్దామనుకునేవారు ఒక సంగతి తెలుసుకుని వెళ్ళండి. 1989 గాలివానకి తల్లి మాను కూలిపోయింది. ఊడలే ఇప్పుడు చెట్టు.

మైలాపూరుకి మాత్రం ఒక్కరోజు చాలదు. మేం మూడుసార్లు వెళ్ళాం. మూడో రోజు తెల్లవారుజామున స్వామి అధికార నంది మీద బయటికొస్తాడు. ఆ వేళకి చలి కాదు గానీ, చల్లదనమంటూ మద్రాసులో ఏదైనా ఉంటే అదే. చూశాక కోనేటి గట్టున నిలబడి ఫిల్టరు కాఫీ. ఏడో రోజు తేరు. నాలుగు మాడవీధులూ తిరిగి నిలయం చేరేదాకా వేలమంది తాళ్ళు పట్టి లాగుతారు. మధ్యలో, పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లు కూడా చూశాం. రాయపేట హైరోడ్డు, 126 నంబరు. తెలుగువాడు మైలాపూరు దాకా వెళ్ళి ఆ గడప తొక్కకుండా రావడం నాకు నచ్చదు.

ఎనిమిదో రోజుది అసలు పండగ, అరుబత్తుమూవర్. అరవై ముగ్గురు నాయన్మార్ల విగ్రహాల్ని పల్లకీల్లో ఊరేగిస్తారు, ఒక్కో పల్లకీలో కొందరేసి. ఆ జనసందోహంలో మీ కాళ్ళు మీవి కావు, ఎటు తోస్తే అటే. ఇంటింటి ముందూ పందిళ్ళు, పానకం, నీర్ మోర్ అనే పల్చటి మజ్జిగ, పులిహోర పొట్లాలు. ఎవరూ ఎవర్నీ నీదే ఊరని అడగరు. చేతిలో గ్లాసు పెట్టేస్తారు.

మన పాఠకులకి ఒక చిట్కా చెప్తాను. ఆ అరవై ముగ్గురిలో మన కాళహస్తి కన్నప్ప ఉన్నాడు. 1954లో 'కాళహస్తి మహాత్మ్యం'లో కన్నడ రాజ్‌కుమార్ వేశాడు, 1976లో బాపు 'భక్త కన్నప్ప'లో కృష్ణంరాజు వేశాడు, 2025లో మంచు విష్ణు వేశాడు. అంతమంది హీరోల వేషం! ఆ పల్లకీ ఏదో పట్టుకోవడమే మా పందెం. నాకు అన్నీ ఒకేలా కనపడ్డాయి. బాబాయే ఒక ముసలాయన్ని అరవంలో అడిగి తెలుసుకున్నాడు. నలభై ఏళ్ళు నోట పలకని అరవం తడబడకుండా వచ్చింది. "కన్ను తీసిచ్చినవాడురా!" అంటూ తన కొత్త కంటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తిరిగి చూస్తే పక్కన లేడు. గుండె గుభేలుమంది. పావుగంట వెతికాక ఒక మజ్జిగ పందిట్లో కనపడ్డాడు. పందిరి నడిపే ఆవిడ చేతిలో నోట్లు పెడుతున్నాడు, ఎంతో నేనడగలేదు. ఆవిడ వద్దంటోంది. ఈయన తీసుకోమంటున్నాడు. చివరికి ఆవిడ ఒక గరిటె చేతికిచ్చి, మజ్జిగ పొయ్యమంది. చీకటి పడేదాకా పోశాడు. చొక్కా అంతా మజ్జిగ.

మర్నాటికి మా రిజర్వేషన్. రాత్రి గదికొచ్చాక, "పదో రోజు తిరుకల్యాణం ఉందటరా, ఆవిడ రమ్మంది" అన్నాడు. రిజర్వేషన్ రద్దు చేయించి, మూడో నాటి పినాకినికి మళ్ళీ తీసుకున్నాను.